బొగ్గుబాయి ఊరి భాషలు కంప్యూటర్‌కెక్కిన తీరు

‘బొగ్గు’ అన్న మాటలో మన కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. కంప్యూటర్ మాత్రం దాన్ని ఆరు అంకెలుగా దాచుకుంటుంది: 3116, 3146, 3095, 3149, 3095, 3137. వరసగా బ, ఒత్వం, గ, పొల్లు, మళ్లీ గ, కొమ్ము. గ ఒత్తుకు ఈ వరసలో విడిగా అంకె లేదు. పొల్లు వెనకాలే ఇంకో గ వచ్చిందంటే ఆ రెండోదాన్ని చిన్నది చేసి మొదటి గ కింద పెట్టాలనీ, కొమ్మును మాత్రం పైనున్న గకే తగిలించాలనీ యంత్రానికి ఎవరో ఒకరు నేర్పాలి. నేర్పకపోతే పొల్లు పెట్టిన గ ఒకటి, కొమ్మున్న గ ఒకటి పక్కపక్కన నిలబడతాయి. ఇరవయ్యేళ్ల కిందట తెలుగు చదవాలని కంప్యూటర్ తెరిచినవాళ్లకు ఆ అవస్థ బాగా గుర్తుంటుంది.

ఆ నేర్పినవాళ్లు ఎవరు, ఎలా నేర్పారు అన్నదే ఈ వ్యాసం. గోదావరిఖని నుంచి చూస్తే ఈ కథకు ఇంకో ముఖం కూడా ఉంది. రామగుండం, గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ... సింగరేణి బాయిల చుట్టూ పెరిగిన ఈ పట్టీలో తెలుగుతో పాటు ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లున్నారు. 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ రాష్ట్రమంతటికీ ఉర్దూను రెండో అధికార భాషగా చేసింది. తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, ఒత్తులతో గుణింతాలతో అల్లుకుంటుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కంప్యూటర్‌కు ఈ రెండూ రెండు వేర్వేరు కష్టాలు. రెండోదాన్ని పరిష్కరించడంలో ఉర్దూవాళ్లకంటే ముందు, చాలా దూరంగా, హీబ్రూ రాసేవాళ్లు చేసిన కృషి ఉంది. ఆ కృషి ఫలితం ఇవాళ మన దగ్గరా వాడుకలో ఉంది.

గని పనిలో భాష చిన్న సంగతి కాదు. 1952 నాటి గనుల చట్టం 62వ సెక్షన్ ప్రకారం చట్టం, నిబంధనల సారాంశాన్ని గని దగ్గర ఇంగ్లీషుతో పాటు నిర్దేశించిన ఇతర భాషల్లో కూడా అతికించి ఉంచాల్సి ఉండేది. బాయి దిగే జనరల్ మజ్దూర్‌కు తెలియని భాషలో జాగ్రత్తలు రాసిపెట్టి ప్రయోజనం లేదని డెబ్బై ఏళ్ల కిందటే చట్టం ఒప్పుకుంది. ఇప్పుడు నోటీసు కంప్యూటర్‌లో తయారవుతుంది, ఫోన్‌కు వస్తుంది. అందుకే ఆ కంప్యూటర్‌కు తెలుగూ ఉర్దూ సరిగా రావడం కార్మికుడి హక్కులో భాగమని నా అభిప్రాయం.

మొదట్లో తెలుగువాళ్లు, హీబ్రూవాళ్లు ఒకే దారి తొక్కారు. కంటికి ఏది కనిపిస్తుందో అదే దాచారు. తెలుగులో ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ఆకారాలు కూర్చిన ఫాంట్లు వచ్చాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, యూనియన్ పోస్టర్లు వేసిన డీటీపీ సెంటర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ముద్రణకు అవి గొప్పగా పనికొచ్చాయి. చిక్కంతా ఫైలు ఇంకో కంప్యూటర్‌కు వెళ్లినప్పుడే. ఆ ఫాంట్ లేనిచోట తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపించేది. ఒక పత్రిక ఫాంట్ మరో పత్రికకు సరిపోయేది కాదు. ఆ ఫైల్లో ‘సింగరేణి’ అని వెతికితే దొరకదు, ఎందుకంటే అందులో సింగరేణి అన్న మాట లేదు, దాని బొమ్మ ముక్కలే ఉన్నాయి. ఆ ముక్కల నుంచి అసలు తెలుగును రాబట్టడానికి వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు ‘పద్మ’ అనే ఉచిత పొడిగింపు రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టింది కూడా ఆయనే.

హీబ్రూలో అదే తప్పు ఇంకో రూపంలో జరిగింది. 1990లలో చాలా హీబ్రూ వెబ్ పేజీలు పంక్తిని కనిపించే క్రమంలో, అంటే చివరి అక్షరాన్ని ముందు పెట్టి, వెనక నుంచి దాచేవి. యంత్రం ఎడమ నుంచి కుడికి అచ్చువేస్తుంటే తెరమీద హీబ్రూ సరిగానే కనిపించేది. కిటికీ వెడల్పు కొంచెం తగ్గిస్తే చాలు, వాక్యం మొదలు కింది పంక్తిలోకి, చివర పై పంక్తిలోకి జారి అర్థం చెడిపోయేది. వెతకడం అసలే కుదరదు.

ఇద్దరికీ విరుగుడు ఒకటే అయింది. భాష ఏ క్రమంలో పలుకుతుందో ఆ క్రమంలో దాచాలి. కంటికి ఎలా కనిపించాలన్నది చూపించే సమయంలో లెక్కకట్టాలి. అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడ్ ప్రమాణానికి ఇదే పునాది. 1991లో వచ్చిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు ఇచ్చారు. మన దేశంలో 1988లో రూపుదిద్దుకున్న ఇస్కీ అనే ప్రమాణం దీనికి మూలం. హీబ్రూ గదులు 1424 నుంచి 1535 వరకు, అరబ్బీ గదులు 1536 నుంచి. ఉర్దూ రాసేది అరబ్బీ గదుల్లోనే. అంకెల్లో హీబ్రూ, ఉర్దూ పక్కింటి భాషలు.

తెలుగు గదులన్నీ ఒక్కసారే నిండలేదు. పాత పుస్తకాల్లో కనిపించే దంత్య చ, జ అక్షరాలకు, భిన్నాల గుర్తులకు 2008లో చోటు దొరికింది. నకార పొల్లుకు 2021 దాకా ఆగాల్సి వచ్చింది. ఎవరో పాత ప్రతులు చూపించి, వాదించి, పత్రాలు రాసి పంపితేనే ఒక గుర్తుకు అంకె దక్కుతుంది.

అంకె దక్కితే సరిపోదు. అంకెల వరసను అక్షరాల ఆకారంగా కట్టే పని ఇంకో సాఫ్ట్‌వేర్ చెయ్యాలి. ‘గోదావరిఖని’ అన్న మాటలో పది అంకెలుంటాయి, చదివేవాడికి ఆరు అక్షరాలు. ఫైల్లో ఒక్కో తెలుగు అంకెకు మూడు బైట్లు పడుతుంది కాబట్టి ఆ ఊరిపేరు 30 బైట్లు. పదింటిని ఆరుగా కలపడం సులువైన సంగతే. ఒత్తులు వచ్చాకే అసలు పరీక్ష. ‘ఓపెన్‌కాస్ట్’ అన్న మాటనే తీసుకుందాం, ఈ పట్టీలో రోజూ నలిగేదే. మామూలుగా కొడితే న పొల్లు, ఆ వెంటనే క రావడం చూసి యంత్రం న కింద క ఒత్తు వేసేస్తుంది. మనకు కావలసింది అది కాదు, పొల్లు పొల్లుగానే ఉండాలి. అందుకోసం రెంటి మధ్యా 8204 అనే, కంటికి కనపడని అంకె ఒకటి పెడతారు. వెడల్పు లేని ఆ గుర్తు ‘ఇక్కడ కలపవద్దు’ అని మాత్రమే చెబుతుంది. ఓవర్‌మెన్, క్యాప్‌ల్యాంప్, మాన్‌రైడింగ్ లాంటి మాటలు పుష్కలంగా ఉన్న మన గనుల తెలుగుకు ఈ కనపడని గుర్తు అక్కర రోజూ పడుతుంది.

ఇది ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ, పొల్లు, ఞ, ఈ కనపడని గుర్తు, ఆ పైన దీర్ఘం. ఈ ఐదింటి వరస మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది. ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం ఫోన్లను పడగొడుతోందని వార్తలు రాశారు. ఆ నెల 19న యాపిల్ విడుదల చేసిన 11.2.6 కూర్పుతో అది సర్దుకుంది. అక్కడి సాఫ్ట్‌వేర్ మూసి ఉన్న పెట్టె కాబట్టి, లోపమెక్కడో బయటినుంచి ఊహించగలిగినవాళ్లు కూడా సరిచెయ్యలేకపోయారు. కంపెనీ సరిచేసేదాకా ఆగారు. కోడ్ అందరికీ తెరిచి ఉన్నచోట లోపం కనిపెట్టినవాళ్లే దిద్దుబాటు కూడా పంపొచ్చు. తక్కువమంది వాడే లిపులకు ఈ తేడా చాలా పెద్దది. లాభం లెక్కలు చూసుకునే కంపెనీకి ఒక ఒత్తు తప్పు ఎప్పుడూ చివరి పనే అవుతుంది.

లినక్స్ లాంటి, కోడ్ తెరిచి ఉన్న స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంలలో అంకెలను ఆకారాలుగా కట్టే పని ఇప్పుడు హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌ది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ కూడా దాన్నే వాడతాయి. అంటే గోదావరిఖని చౌరస్తాలో ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకున్న ప్రతివాళ్లూ, పేరు విననే వినకపోయినా, దాన్ని రోజూ వాడుతున్నారు. దీన్ని ఇప్పుడున్న రూపంలో ప్రధానంగా రాసినవారు ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహబోద్.

ఆయన అంతకుముందు చేసిన పనికే హీబ్రూతో సంబంధం. కుడి నుంచి ఎడమకు నడిచే లిపిలోనూ అంకెలు ఎడమ నుంచి కుడికే చదువుతారు, మధ్యలో ఇంగ్లీషు మాటలూ వస్తాయి. ఒకే పంక్తిలో రెండు దిక్కులు. దాచింది పలికే వరసలో, చూపవలసింది వేరే వరసలో. బాయిలో హాలర్ తాడుకు కట్టిన బొగ్గు టబ్బులు ఎటు లాగినా తమలో తాము వరస మారవు; ఇక్కడ మాత్రం మధ్యలో కొన్ని టబ్బుల గుంపును ఉన్నచోటనే తిప్పి నిలబెట్టాలి. ఏ గుంపును, ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది తేల్చడానికి యూనికోడ్ ఒక సూత్రావళి రాసిపెట్టింది. ప్రతి గుర్తుకూ ఒక స్వభావం ఉంటుంది. తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు గట్టిగా కుడివైపు లాగుతాయి. హీబ్రూ, ఉర్దూ అక్షరాలు గట్టిగా ఎడమవైపు లాగుతాయి. అంకెలు బలహీనం, పక్కవాళ్లను చూసి నడుచుకుంటాయి. ఖాళీలకు, బ్రాకెట్లకు సొంత దిక్కే లేదు. తెరిచే బ్రాకెట్ ఎడమకు నడిచే పంక్తిలో అద్దంలో చూసినట్టు తిరగబడాలి కూడా.

ఈ సూత్రాలను ఎవరైనా తీసుకుని వాడుకునే కోడ్‌గా మొదట రాసినవారిలో ఇజ్రాయెల్‌కు చెందిన డోవ్ గ్రోబ్‌గెల్డ్ ముఖ్యులు. 1999 ప్రాంతంలో ఫ్రీబీడీ పేరుతో ఆ పని మొదలుపెట్టారు. ఆ తర్వాత దాని బాధ్యత ఎత్తుకుని పెంచినవారు పైన చెప్పిన ఎస్ఫహబోద్. హీబ్రూ కోసం ఇజ్రాయెలీ మొదలుపెట్టినదాన్ని పారశీకం అవసరం ఉన్న ఇరానీ కొనసాగించారు. దాంతో ఉర్దూ కూడా నడుస్తోంది. రెండు ప్రభుత్వాలకు మాటల్లేని చోట ఇద్దరు ప్రోగ్రామర్లు ఒకే ఫైలు మీద పనిచేశారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చే సంగతి ఇదే.

హీబ్రూ, ఉర్దూలకు దిక్కు ఒకటే అయినా నియమాలన్నీ ఒకటి కావు. ఆర్థిక సంవత్సరం 2024-25 అని రాయండి. హీబ్రూ పంక్తిలో అది 2024-25గానే కనిపిస్తుంది. అదే ఉర్దూ పంక్తిలో ఉర్దూ మాట తర్వాత వస్తే 25-2024గా కనిపిస్తుంది. అది పొరపాటు కాదు. అరబ్బీ లిపి వెనకాల వచ్చే అంకెల మధ్య అడ్డగీతను విడదీసే గుర్తుగా చూడాలని సూత్రమే చెబుతోంది; కుడినుంచి చదివేవారికి ముందు 2024, తర్వాత 25 వస్తాయి. అదే తేదీలో ఏటవాలు గీత పెడితే 12/05/2024 చెక్కుచెదరదు, ఎందుకంటే ఆ గీతది వేరే స్వభావం. ఈ తేడా తెలియక ఉర్దూ నోటీసులో అంకెల్ని చేత్తో అటూ ఇటూ మార్చిపెడితే, అది ఇంకో కంప్యూటర్‌కు వెళ్లాక నిజంగానే తప్పవుతుంది. ఫోన్ నంబరు, బిల్లు నంబరు, పరికరం నంబరు ఉన్న కాగితంలో ఇది ప్రమాదకరం. ఇంకో చిక్కు కూడా ఉంది. పేరా దిక్కును సాధారణంగా అందులో మొదట వచ్చే గట్టి అక్షరం నిర్ణయిస్తుంది. ఉర్దూ వాక్యాన్ని గని పేరుతో, అంటే ఇంగ్లీషు అక్షరాల్లోని ‘జీడీకే’తో మొదలుపెడితే పేరా మొత్తం ఎడమ నుంచి కుడికి సర్దుకుని, మాటల వరస తప్పుగా కనిపిస్తుంది. అప్పుడు దిక్కును మనమే విడిగా చెప్పాలి.

తెలుగు ఫాంట్ల విషయానికి వస్తే, కృతజ్ఞతతో తలచుకోవలసిన పేరు తిరుమల కృష్ణ దేశికాచార్యులు. కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంటూ పోతన2000, వేమన2000 ఫాంట్లను తయారుచేసి స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ ఇచ్చారు. డెబియన్ లినక్స్ తన తెలుగు ఫాంట్ల మూటలో వాటిని చేర్చుకుంది. రెడ్‌హ్యాట్ ఇచ్చిన లోహిత్, ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, గిడుగు, రామభద్ర లాంటివి ఆ వరసను పెంచాయి. ఉర్దూకు ఇంకా కష్టం. నస్తాలిక్ రాతలో మాట పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుంది, ఒక అక్షరం ఆకారం దాని వెనక వచ్చేదాన్ని బట్టి మారిపోతుంది. గూగుల్ స్వేచ్ఛగా ఇచ్చిన నోటో నస్తాలిక్ ఉర్దూ ఇప్పుడు లినక్స్‌లో దొరుకుతుంది.

కీబోర్డు సంగతి త్వరగా ముగించవచ్చు. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ లినక్స్‌లో ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ రూపొందించారు; అదీ లినక్స్‌లో పనిచేస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటే మాత్రం ఒక లాభం ఉంది: హిందీకి, ఒడియాకు కూడా అదే వేళ్ల అలవాటు పనికొస్తుంది.

మెనూలు, హెచ్చరికలు తెలుగులోకి తేవడం వేరే కష్టం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లీషు వాక్యాలన్నీ ఒక ఫైల్లో వరసగా ఉంటాయి, ఒక్కోదాని కింద తెలుగు రాయాలి. కొన్ని వాక్యాల్లో ఖాళీ ఉంటుంది, వాడుకరి ఇచ్చిన పేరు అక్కడ చేరుతుంది. ఇంగ్లీషుకు ఇబ్బంది లేదు, పేరు మారదు. మన విభక్తి పేరుకు అతుక్కుంటుంది, పేరును బట్టి మారుతుంది: మంచిర్యాలను, గోదావరిఖనిని, రామగుండాన్ని. ఖాళీ పక్కన ‘ను’ అని గుడ్డిగా రాస్తే మూడింటిలో రెండు తప్పు. మంచి అనువాదకులు వాక్యాన్నే మార్చి, పేరు విడిగా నిలిచేట్టు ‘తొలగించబోయే దస్త్రం’ అని రాసి పక్కన ఖాళీ వదులుతారు. ఇది నిఘంటువు చూసి చేసే పని కాదు, భాష నోట్లో ఉన్నవాళ్లు చేసే పని.

ఈ పనిలో సంస్థలూ ఉన్నాయి. 2005లో మొదలైన స్వేచ్ఛ అనే సంస్థ ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి తెలుగులో పనిచేసే లినక్స్‌ను తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ లినక్స్‌ను విడుదల చేసింది, అందులో తెలుగు ఉంది. లినక్స్‌లో తెలుగు ప్రాంతాన్ని ఎంచుకుంటే అంకెలు కూడా మన లక్షల కోట్ల లెక్కలో, 12,34,567 అని విడివడతాయి. టన్నుల్లో ఉత్పత్తి లెక్కలు రాసేచోట ఇది సౌకర్యం మాత్రమే కాదు, పొరపాటుకు అడ్డుకట్ట. ఈస్పీక్ అనే సాఫ్ట్‌వేర్ తెలుగు పాఠాన్ని పైకి చదువుతుంది. గొంతు ఇంకా యాంత్రికంగానే ఉంది, కానీ చూపు తగ్గినవాళ్లకు పింఛను కాగితం వినిపించగలదు.

మిగిలిన పెద్ద లోటు అక్షరదోషాల తనిఖీ. ఇక్కడ హీబ్రూను చూసి నేర్చుకోవాలి. హీబ్రూలోనూ మాటకు ముందూ వెనకా ప్రత్యయాలు అతుక్కుంటాయి, పదాల పట్టీ ఎంత పొడుగు పెట్టినా చాలదు. నదవ్ హరెల్, డాన్ కెనిగ్స్‌బర్గ్ అనే ఇద్దరు ఔత్సాహికులు, మాటలు ఎలా పుడతాయో ఆ నియమాలనే కోడ్‌గా రాసి హెచ్‌స్పెల్ అనే తనిఖీ సాధనం చేసి ఉచితంగా ఇచ్చారు. తెలుగుకూ పదపట్టీలున్నాయి, కానీ ‘బాయిలోనుంచి’, ‘మస్టరుకెళ్లినప్పుడల్లా’ లాంటి మాటలు పట్టీలతో పట్టుబడవు. నియమాలు కావాలి. వాటితో పాటు పుస్తకాల్లో కన్నా గనుల్లో ఎక్కువ వినిపించే మాటలు, బాయి, మస్టర్, నాగా, ప్లేడే, తట్టా చెమ్మస్, బదిలీ వర్కర్ లాంటివి, ఒకచోట చేరాలి. ఆ పట్టీని హైదరాబాదులో కూర్చుని రాయలేరు.

సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, బాయి దిగినవాళ్ల పిల్లలు కోడ్ రాయడం నేర్చుకుంటున్నారు. వాళ్లకు నా మనవి. గ్నోమ్, డెబియన్, లిబ్రేఆఫీస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల తెలుగు అనువాదాల్లో ఖాళీ వరసలు ఇంకా ఉన్నాయి, చేరడానికి రుసుము లేదు. ఉర్దూ వచ్చిన మిత్రుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అంకెలూ ఇంగ్లీషూ కలిసిన ఒక నోటీసు టైపు చేసి చూడండి. తప్పు కనిపిస్తే ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు తెలియజెయ్యండి. మీ నాన్న నోట, తాత నోట ఉన్న గని మాటలు రాసిపెట్టి స్వేచ్ఛా లైసెన్సుతో పంచండి. ఆఫీసుల్లో నోటీసులు తయారుచేసేవారు పాత ఫాంట్లు వదిలి యూనికోడ్‌లో రాయండి, అప్పుడే ఆ నోటీసు ఫోన్‌లోనూ చదవొస్తుంది, పదేళ్ల తర్వాత వెతికినా దొరుకుతుంది.